పాలకూర గ్లాసు

"రోజూ ఆయనకి ఏం పెడుతున్నావమ్మా?" అని అడిగాడు పెద్ద డాక్టరు. పేగు కోసిన నాటి నుంచీ ఆమె మొగుణ్ణి చూస్తున్నది ఆయనే.

తలుపు అవతల మంచం మీద ఆ మొగుడు, బస్సు డ్రైవరు, ఒంటికి గొట్టాలు తగిలించుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. కారణం తేల్చడానికి కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే, ఆ ఫలితం ఇవాళే వచ్చింది.

ఆమె ఏదీ దాచలేదు. పేగు మెలిపడి, చిన్నపేగు చాలావరకు తీసేశాక అతను పుల్లలా ఇంటికొచ్చాడు. తిన్నది ఒంటబట్టేది కాదు. అప్పటికి ఆమె కూడా మనిషిలా లేదు. జ్వరంతో కూతురు పోయినప్పట్నుంచీ గోడవైపు తిరిగి పడుకోవడమే; కుట్టుమిషను బూజుపట్టింది. అతన్ని ఆ వాలకంలో చూశాకే మంచం దిగింది. తెల్లారగానే పాలకూర రుబ్బి, బాదంపప్పు నూరి కలిపి, పెద్ద గ్లాసు నిండా ఇచ్చేది. అతను చుక్క మిగల్చకుండా తాగి గ్లాసు బోర్లించి చూపించేవాడు. అది చూడ్డానికే మర్నాడు మళ్లీ లేచేది. నెమ్మదిగా తల దువ్వుకుంది, మిషనుకు నూనె వేసింది, ఇరుగుపొరుగుతో మాట కలిపింది.

డాక్టరు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. పాలకూరలోనూ బాదంలోనూ ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువట. మామూలు మనిషికి అది పేగులోనే కాల్షియంతో కలిసి బయటికి పోతుంది. కొవ్వు ఒంటబట్టని పేగులో మిగిలిపోయిన కొవ్వే ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఇక ఆక్సలేట్ రక్తంలోకి ఎక్కి, కిడ్నీల్లో ఇసుకలా పేరుకుంటుంది. ముక్కలో కనబడింది అదే.

"అంటే, నా చేత్తో నేనే..." అంది ఆమె.

తన కిడ్నీ ఇస్తానంది. ఈ పూటే కోసి తీసుకోమంది. ఆ సంగతి తర్వాత చూద్దామన్నాడు డాక్టరు. పిల్లను ఎలాగూ నిలుపుకోలేకపోయానని, ఇప్పుడు ఉన్న ఒక్కణ్ణీ ఇలా చేసుకున్నానని గొణుక్కుంటూ గోడవారన కూలబడింది. కాసేపటికి చేతులు జోడించింది.

"ఒక్క ఉపకారం చెయ్యండి డాక్టరుగారూ. ఈ మాట ఆయనకి మాత్రం తెలియనివ్వకండి. నేనిచ్చిందే ఇంత చేసిందంటే ఆయన తట్టుకోలేడు."

డాక్టరు వంగి ఆమె జోడించిన చేతులు కిందికి దించాడు.

"పాలకూరా బాదమూ ముట్టొద్దని, పేగు కోసి ఇంటికి పంపిన రోజే ఆయనకి చెప్పానమ్మా."