చిట్టు గొంతు

'చిట్టు మాట్లాడకూడదు' అని అట్ట మీద తమిళంలో రాసి పట్టుకుని, మోనిష ధర్మపురిలో సినిమా హాలు గేటు ముందు నిలబడింది.

పక్కన బాలమురుగన్, శివరంజని, ఇంకో పదిమంది. అందరూ చిన్నప్పుడు ఒకే పిల్లల పత్రికలో ఒకే బొమ్మల కథ చదివి పెరిగినవాళ్ళు.

గాలిగా మారిపోయే వీరుడు కాట్రవన్ కథ అది. చిట్టు అతని కూతురు.

బొమ్మల కథలో చిట్టుకు మాట లేదు. బండల కింద చిక్కుకుపోయినప్పుడు రాయి మీద రాయి కొడుతుంది. ఆ చప్పుడు పట్టుకుని తండ్రి వస్తాడు.

ఇప్పుడది సినిమాగా వచ్చింది. సినిమాలో చిట్టు "అప్పా" అని తండ్రిని పిలుస్తుంది.

"కాట్రవన్ డ్రెస్సు మార్చినారు, పోనీలే అనుకుంటిమి," అన్నాడు బాలమురుగన్. "విలన్‌ను ఫారిన్ వాణ్ణి చేసినారు. అదీ పోనీ. చిట్టుకు గొంతు పెట్టేదానికి వీళ్ళెవరు?"

"కొత్తగా చూసేవాళ్ళకు అర్థం కావద్దా?" అంది శివరంజని. "రాయి కొడతా ఉంటే హాల్లో ఎవరికి వినిపిస్తుంది?"

"వినేవాళ్ళకు వినిపిస్తుంది," అంది మోనిష.

అప్పుడే హాల్లోంచి ఒక పెద్దాయన బయటికొచ్చాడు. ఇంకా ఇంటర్వెల్ కూడా కాలేదు.

నాలుగు రోజులుగా ఆయన్ను చూస్తూనే ఉన్నారు. పొద్దున ఆటకు వస్తాడు. సగంలో లేచి వచ్చేస్తాడు.

ఆయన అట్ట మీది అక్షరాలు మెల్లగా చదువుకున్నాడు.

"ఎందుకు పాపా మాట్లాడకూడదు?"

మోనిష ఇంట్లో మాట్లాడే తెలుగే అది.

"గీసినాయన అట్ల గీయలేదు తాతా. యోగి అని. ఆయన చిట్టుకు మాట పెట్టలేదు."

"మీరు ఆ యోగిని చూసినారా?"

"ఎవురూ చూడలేదు. పేరు ఒకటే తెలుసు. అయినా ఆయన మనసు మాకు తెలుసు."

పెద్దాయన తల ఊపాడు.

"ఆ బండల కింద చిక్కుకునేది బొమ్మల్లో ఎట్ల ఉంటుంది పాపా? నీకు జ్ఞాపకముందా?"

మోనిషకు ఆ పేజీలు కంఠతా వచ్చు.

"పేజీ అంతా నలుపు తాతా. కింద మూలన ఒక చిన్న చెయ్యి, అంతే. పేజీ తిప్పితే ఆ చేతి మీద అప్ప చెయ్యి."

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత అందరికీ టీ చెప్పాడు.

"మీకు ఈ సినిమా పడం నచ్చినాదా తాతా?" అడిగాడు బాలమురుగన్.

"పడం సంగతి నాకేమి తెలుసప్పా. ఆ బిడ్డ పిలిచేది బాగుండాది."

"సినిమా కంపెనీ మనిషేమో," అని బాలమురుగన్ మోనిష చెవిలో గొణిగాడు.

మరుసటి రోజు పెద్దాయన తనంతట తనే మోనిష దగ్గరికొచ్చాడు.

"ఒక మాట అడుగుతాను, కోపం చేసుకోవద్దు. గీసినవాళ్ళకే ఆ బిడ్డ ఒకసారైనా పిలవాలని ఆశ ఉండి ఉంటే?"

"ఆశ ఉంటే పిలిపించి ఉంటారు కదా తాతా. కలం ఆయన చేతిలోనే ఉండె."

ఆయన తువ్వాలు దులుపుకుని బస్టాండు వైపు నడిచాడు.

మోనిష పెట్టిన విన్నపం మీద ఫోన్లలోనే ఎనిమిది వేలమంది సంతకం చేశారు. చెన్నైలో, కోయంబత్తూరులో కూడా అట్టలు లేచాయి.

కంపెనీ దిగివచ్చింది. శుక్రవారం నుంచి అన్ని హాళ్ళలో కొత్త కాపీ, యోగి గీసినది గీసినట్టు.

శుక్రవారం అందరూ కలిసి ఆటకు వెళ్ళారు.

తెర నల్లబడింది. టక్కు, టక్కు, టక్కు. రాయి మీద రాయి.

హాలంతా ఈలలు, చప్పట్లు. మోనిషకు ఏడుపొచ్చింది.

రెండు వరసల ముందు పెద్దాయన లేచి నిలబడ్డాడు. వెనకవాళ్ళు కూర్చోమన్నారు. కూర్చున్నాడు. ఆ రోజు ఆట ముగిసేదాకా కదల్లేదు.

బయట మోనిష మైసూర్‌పాకు పంచుతోంది.

"ఈ పొద్దు పిలవలేదే పాపా?"

"ఆ గొంతు మేమే తీయించినాము తాతా. తీసుకోండి."

ఆయన మైసూర్‌పాకు తీసుకున్నాడు. నోట్లో పెట్టుకోలేదు.

"వేరే ఊర్లో ఎక్కడైనా పిలుస్తుందా?"

"ఏ ఊర్లోనూ పిలవదు తాతా."

"సరే పాపా," అన్నాడాయన. "మీరు ఆ కత మీద ఇంత ఆశ పెట్టుకోని ఉండారు. అది చాలు."

పెన్నాగరం బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

వారం రోజులు తిరిగి, మోనిష ఆ పాత పత్రిక సంపాదకుడి నంబరు సంపాదించింది. పత్రిక మూతపడ్డాక ఆయన సేలంలో ఉంటున్నాడు.

"యోగిగారికి మా మాట చేరవేయండి సార్. ఆయన చిట్టును ఆయనకు తిరిగి ఇప్పించినాము."



"ఆయన కాదమ్మా, ఆమె. పెన్నాగరం పక్కన పిక్కిలి ఊరి అమ్మాయి, యోగలక్ష్మి. పోయి ఆరేళ్ళయింది."



"మరి ఎవురికీ తెలీదే సార్?"

"పేరు బయట పెట్టొద్దని తనే రాసిచ్చింది. జాలిపడి ఎవరూ తన కథ చదవకూడదంది."

"జాలి ఎందుకు సార్?"

"పుట్టినప్పటినుంచీ ఆ పిల్లకు మాట రాదు. నెలనెలా బొమ్మలు వాళ్ళ నాన్న వెంకటసామి తెచ్చిచ్చేవాడు. మొన్నామధ్య ఫోన్ చేసి, 'దినమూ ధర్మపురికి పోయి, నా బిడ్డ నన్ను పిలిచేది విని వస్తా ఉండాను సార్' అన్నాడు."