పసుపు రాసిన పాదాలు

మంగళవారం ఉదయం ఆరుంబావు. సూరన్న పోయి మూడో రోజు. ఆయన శవంలోకి పోగుపురుగు ఇంకా దూరలేదు.

శవాలను మట్టి చేసే బొబ్బిలి మట్టితోటలో కాపలా ఉండే పారమ్మ ఆయన్ని పడుకోబెట్టిన పెట్టె మూత తీసి చూసింది. పురుగులు అరికాళ్ల దాకా పాకి, వెనక్కి మళ్లి, ఒక మూల చుట్టుకుని పడుకున్నాయి.

పోగుపురుగు బతికున్నవాళ్లను ముట్టదు. శవమైతే అరికాలి నుంచి దూరి, ఎనిమిది రోజుల్లో ఒంటిని మట్టి చేసి, పైకొచ్చి గుడ్లు పెడుతుంది. ఊళ్లో అందరూ పదకొండో రోజున ఆ మట్టిలోనే పాదు పెడతారు. ఇవాళ దూరకపోతే సూరన్న పాదుకు మట్టి ఉండదు.

ఆయన భార్య అసిరమ్మ, ఆయన దాచిన చిక్కుడు గింజలు అప్పటికే కొంగున కట్టుకుని వచ్చింది.

"పిన్నీ, కాళ్లకేం రాశావు?" అని పారమ్మ అడిగింది.

"పసుపు. గడపకే రాస్తాం, ఆయనకి రాయనా?"

"గడపకి పురుగు రాకూడదని రాస్తాం. ఇక్కడ రావాలి కదా."

అసిరమ్మ కాసేపు ఆ పాదాల వంక చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"కాళ్లు కడుక్కుని ఇంట్లోకొచ్చిన రోజు లేదు ఈ మనిషి. చివరికి నాచేతే కడిగించుకుంటున్నాడు."

ఇద్దరూ కుంకుడు రసం పోసి, పసుపు పోయేదాకా కొబ్బరిపీచుతో రుద్దారు. ఎనిమిదీ నలభైకి మొదటి పురుగు ఎడమ మడమలోంచి లోపలికి పోయింది.

పదకొండో రోజు బుధవారం. అసిరమ్మ ఆ మట్టిలో ఐదు గింజలు పెట్టింది. మరుసటి బుధవారానికి నాలుగు మొలిచాయి.