ఐదు రంగుల ఇల్లు

గేటు పక్కన, కాగితం పూల చెట్టు మొదట్లో ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో చిన్న మడత కత్తి.

రిటైరైన లెక్కల టీచరు కాఫీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టి నాలుగంగల్లో అక్కడికి చేరింది.

"ఎవరు నువ్వు? ఏం కోస్తున్నావు?"

అతను లేచి నిలబడ్డాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. వయసు డెబ్బై పైమాటే. కుడి బొటనవేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది.

"ఇంకా ఏం కోయలేదమ్మా. ఈ అడుగు కొమ్మ తీసేద్దామని."

టీచరు ఆ కొమ్మను చూసింది. నేలకు జానెడు ఎత్తులో పుట్టి, రెండు నెలల్లో ఆమె భుజం దాకా లేచింది. చెట్టు మొత్తంలో అంత ఏపుగా ఉన్నది అదొక్కటే.

బక్కచిక్కిన రెమ్మలు బోలెడుండగా బలమైనదాన్ని కోస్తానంటాడేమిటి, మతి ఉండే మాట్లాడుతున్నాడా అనుకుంది.

"చెట్టుకి బలమొస్తే చూడలేకపోతున్నావా?"

"బలమేనమ్మా. కాకపోతే పరాయి బలం."

"ఆ కత్తి ఇలా ఇవ్వు."

ముప్పై ఏళ్లు పిల్లల దగ్గర గోలీలు, బొంగరాలు లాక్కున్న చెయ్యి అది. చాస్తే ఎదుటివాడు ఇవ్వాల్సిందే. అతనూ ఇచ్చేశాడు.

ఆమె కోపం ఊరికే వచ్చింది కాదు. ఆ చెట్టుకి ఒకే మొదలు, ఐదు రంగులు. తెలుపు, పసుపు, నారింజ, లేత గులాబీ, ఎరుపు. ఆ వీధిలో ఆమె ఇంటికి నంబరుతో పనిలేదు. ఐదు రంగుల ఇల్లంటే పోస్ట్‌మన్ కళ్లు మూసుకుని వచ్చేస్తాడు. ఆరేళ్ల కిందట మోకాలెత్తు మొక్కను నర్సరీ నుంచి తెచ్చి, రోజంతా ఎండ పడే గోడ వెతికి మరీ నాటింది. పూత అయిపోగానే కత్తిరింపు తనే. నీళ్ల పైపు మొగుణ్ణి కూడా ముట్టుకోనివ్వదు.

"అందులో సగం శ్రద్ధ నా మీద పెట్టి ఉంటే నేనూ పూసేవాణ్ణి" అంటాడాయన.

ఎవరైనా గేటు దగ్గర ఆగి చూస్తే చాలు, వాళ్లు అడగకముందే చెప్పేది, "పెంచింది నేనే" అని.

వారం తర్వాత ఆ ముసలాయన మళ్లీ వచ్చాడు. ఈసారి గేటు బయటే నిలబడ్డాడు.

"కత్తి కోసమా?" అంది టీచరు.

"కాదమ్మా, కొమ్మ కోసం. పోనీ మీరే కోసేయండి. ఆకు చూడండి, పైవాటికీ దీనికీ పోలిక లేదు. ముల్లు కూడా పొడుగు."

"ఇంకేమైనా ఉందా?"

"నీళ్లు తగ్గించండి. కాస్త దాహంగా ఉంటేనే ఇది పూస్తుంది."

"ఆరేళ్లుగా పెంచుతున్నదాన్ని. నాకు నేర్పుతావా? చెట్టు మీద చెయ్యి వేస్తే ఊరుకోను."

అతనికి కోపం రాలేదు. పైగా నవ్వాడు. చెట్టును మొదలు నుంచి చివరిదాకా తనివితీరా చూసుకుని వెళ్లిపోయాడు.

కత్తి వంటింట్లో చేరింది. బీన్స్ తరిగితే వెన్నలో దిగినట్టు దిగేది.

"పాపం, అతనిది అతనికి ఇచ్చేయరాదూ?" అన్నాడు మొగుడు.

"మళ్లీ వస్తే ఇస్తాను."

మళ్లీ రాలేదు.

ఆ వేసవిలో పసుపు కొమ్మ ఎండిపోయింది. తర్వాత తెలుపు. అడుగు కొమ్మ మాత్రం గోడ దాటి, గేటు దాటి, చెట్టంతా తానే అయి కూర్చుంది. రెండో వేసవికి గోడ పొడుగునా ఒకటే వంగపండు రంగు. అలాంటి చెట్లు ఆ వీధిలోనే నాలుగున్నాయి.

ఓ రోజు గ్యాస్ బండి మీద కొత్త మనిషి వచ్చాడు. సరిగ్గా ఆమె గేటు ముందే ఆగాడు.

"ఐదు రంగుల ఇల్లు ఎక్కడండీ?"

టీచరుకి తల కొట్టేసినట్టయింది.

వంటింటి కత్తితోనే ఓ కొమ్మ కోసి, రెంటినీ సంచిలో వేసుకుని నర్సరీకి వెళ్లింది. కొమ్మను నర్సరీ ఆయన బల్ల మీద పడేసింది.

"ఐదు రంగులని చెప్పి ఇచ్చారు. ఇదీ మిగిలింది."

ఆయన కొమ్మను తిప్పి చూశాడు.

"ఇది అడుగు మొక్కది టీచర్ గారూ. గట్టి మొక్క ఒకటి తీసుకుని దాని మీద రంగులు అంటు కడతాం. అంటు కింద ఏది మొలిచినా ఎప్పటికప్పుడు తీసేయాలి. లేకపోతే పైవాటిని బతకనివ్వదు. మీకెవరూ చెప్పలేదా?"

ఆమె ఆ కొమ్మ ముల్లును వేలితో తడిమి చూసింది.

"చెప్పారు, ఒకాయన." ఆ మనిషిని 'ఆయన' అనడం అదే మొదటిసారి. "ఇంకొకటి కట్టించి ఇవ్వండి."

"కట్టేవాడు లేడండీ. ఐదూ ఒకే మొదలు మీద నిలవడం మా పెద్దాయన చేతిలో ఆ ఒక్కసారే జరిగింది. మొన్న చలికాలంలో పోయాడు. ఆఖరి ఏడాది అంటు అన్నదే కట్టలేదు. నలభై ఏళ్లు వాడిన కత్తి పోయింది, ఇంకో కత్తి చేతికి ఒదగలేదు. ఎక్కడ పోయిందయ్యా అంటే, మరిచిపోయానన్నాడు."

టీచరు సంచిలోంచి కత్తి తీసి, కొమ్మ పక్కన పెట్టింది.

నర్సరీ ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, మడత విప్పి గుర్తుపట్టాడు.

"ఏటా మీ గోడ దాకా వెళ్లి చూసొచ్చేవాడు" అన్నాడు. "ఆఖరిసారి వెళ్లొచ్చిన రోజు నర్సరీ అంతా వినేలా ఎంత గర్వంగా చెప్పాడో. 'ఐదు రంగులూ కట్టినవాణ్ణి, నన్నే దాని మీద చెయ్యి వేయనివ్వలేదు ఆ తల్లి, ఇక నా చెట్టు గురించి నాకు దిగుల్లేదు' అన్నాడు."