హాల్లో జనం

"ఈ ఫోన్లో జనం మాయమైపోయారు నాయనా. వెనక్కి తెచ్చిపెట్టు."

కైరోలో, షుబ్రా వీధిలో ఫోన్లు బాగుచేసే వగీహ్ తలెత్తి చూశాడు. ఎదురుగా ఊతకర్రతో ఎనభై దాటిన ముసలాయన.

ఏ జనమని అడిగితే, గాయని దౌలత్ పాటలో జనమన్నాడు. అరవై ఏళ్ల కిందట థియేటర్లో ఆవిడ పాడిన పాట అది. మనవరాలు కొనిచ్చిన ఈ కొత్త ఫోన్లో ఎన్నిసార్లు పెట్టినా ఆవిడ గొంతు నెత్తిచుట్టూ తిరుగుతోందే తప్ప, హాల్లో ఒక్కరూ నోరు మెదపడం లేదట.

వగీహ్‌కి నవ్వొచ్చింది.

"అది స్పేషియల్ ఆడియో, హాజీ, పాట చుట్టూరా వినిపించే కొత్త పద్ధతి. దగ్గులూ కేకలూ తీసేసి పాటని కడిగిన ముత్యంలా చేసిచ్చారు. దానికీ ఏడుపేనా?"

"ఆ కేకలు లేకపోతే ఆవిడ ఎవరికోసం పాడినట్టు నాయనా?"

వగీహ్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

నిజానికి ఆ పాట అతనికి ఉగ్గుపాలతో వచ్చింది. తండ్రి మంగలి. రేడియోలో ఆ పాట వస్తే రెండో చరణం చివర గడ్డం మీంచి కత్తి పైకెత్తి, హాల్లో ఎవరో ఒకాయన పెట్టే కేక కోసం ఊపిరి బిగబట్టేవాడు. ఆ ఒక్క కేకకే దౌలత్ అదే పాదాన్ని ఏడుసార్లు, ఏడు రకాలుగా పాడింది. ఆ కేకేసిన మనిషి కనబడితే చెయ్యి ముద్దుపెట్టుకుంటాననేవాడు తండ్రి. ఆ కోరిక తీరకుండానే పోయాడు.

వగీహ్ సెట్టింగుల్లోకి వెళ్లి స్పేషియల్ ఆడియో ఆపేశాడు. పాత రికార్డింగ్ పెట్టి, ముసలాయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించి, ఇంకో బేరం చూసుకుంటున్నాడు.

కాసేపటికి ముసలాయన కళ్లు మూసుకుని కర్ర వదిలేసి లేచి నిలబడ్డాడు.

"మళ్లీ, తల్లీ!"

గొంతు మధ్యలో విరిగింది. కొట్లో వాళ్లంతా ఉలిక్కిపడ్డారు.

"కూర్చోవయ్యా! ఇదేమన్నా కాఫీకొట్టా?" వగీహ్ కసిరాడు.

ముసలాయన చిన్నబుచ్చుకోలేదు. తడికళ్లతో నవ్వాడు.

"అప్పుడూ ఇదే మాటన్నారు నాయనా."

పేరైనా చెప్పకుండా, దీవించి, వచ్చిన మైక్రోబస్సెక్కి వెళ్లిపోయాడు.

చాదస్తం అనుకున్నాడు వగీహ్. కానీ మనసు కుదురుగా లేదు. తనూ ఆ పాటని కొన్నేళ్లుగా కొత్త పద్ధతిలోనే వింటున్నాడు. తన ఫోన్లోనూ స్పేషియల్ ఆడియో ఆపేసి, పాత రికార్డింగ్ పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

హాలు నిండా జనం. దగ్గులు, కుర్చీల కిరకిరలు, ఎవరి నిట్టూర్పో. రెండో చరణం అయింది. వగీహ్ చేతిలో స్క్రూడ్రైవర్ దానంతటదే పైకి లేచి ఆగింది.

"మళ్లీ, తల్లీ!"

కుర్రగొంతు. అక్కడే, అలాగే విరిగింది.

వగీహ్ హెడ్‌ఫోన్లు తీయకుండానే లేచాడు. వీధి వైపు చూశాడు. మైక్రోబస్సు ఎప్పుడో మలుపు తిరిగింది.

చెవిలో ఎవరో విసుగ్గా "కూర్చోవయ్యా!" అన్నారు; దౌలత్ చిన్నగా నవ్వి, ఆ నిలబడ్డవాడి కోసం అదే పాదం మళ్లీ ఎత్తుకుంది.