పాత రేకులు

"ఈ సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంది. పగిలినా, కోసినా ధూళి లేస్తుంది. కంటికి కనపడదు కానీ ఊపిరితిత్తులు పాడైపోతాయి" అన్నాడు మేనేజరు మధుబాబు, మాస్కు గడ్డం కిందికి లాక్కుని.

విడవలూరు దగ్గరి రొయ్యపిల్లల హేచరీలో కూలీలంతా తలెత్తి షెడ్డు కప్పు చూశారు.

"మీ ప్రాణాలే మాకు ముఖ్యం. రేపే కప్పు మార్చేస్తున్నాం. రేకులు దించేవాళ్లకు మాస్కులిస్తాం."

అందరూ చప్పట్లు కొట్టారు.

"పాత రేకులు ఏంజేస్తారు సార్?" అడిగింది ట్యాంకులు కడిగే రెబెక్కమ్మ.

"మీకే ఇచ్చేస్తాం, ఊరికే. ఇళ్లకు తీసుకెళ్లండి."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

పోయిన తుఫానుకు వంటింటి కప్పు లేచిపోయినప్పటి నుంచి రెబెక్కమ్మ టార్పాలిన్ పట్ట కిందే వండుతోంది. అందరికన్నా ముందు చెయ్యెత్తింది. వంటిల్లు చిన్నది, రేకులు కోయాల్సిందే అనుకుంది. కోస్తే ధూళి లేస్తుందని ఇప్పుడే కదా విన్నది. ఎత్తిన చెయ్యి మాత్రం దించలేదు.

"ఎన్ని కావాలి రెబెక్కమ్మా?"

"రేకులు నాలుగు చాలు సార్. దాంతోపాటు ఒక మాస్కు కూడా ఇయ్యండి."

"ఓ, దానికేం!"

"చిన్నది కావాల సార్. మనవరాలికి మూడేండ్లు."