ముందు వరసలో నవ్వు

నాటకం అయిపోయి తెర దించారో లేదో, తండ్రి వేషం కట్టిన తమ్ముడు మొహానికి రంగైనా కడుక్కోకుండా అక్క మీద విరుచుకుపడ్డాడు.

"హాలంతా గుడ్లప్పగించి చూస్తుంటే ముందు వరసలో కూర్చుని పకపకా నవ్వుతావా? నాన్న నిన్ను బెల్టుతో బాదిన బాదుడే కదా నేను ఆడింది! అది నీకు వేళాకోళమైపోయిందా?"

"గొంతు తగ్గించరా. అచ్చం ఆయనలాగే అరుస్తున్నావు."

వాడికి ఇంకా మండింది. "నీకోసమే చచ్చీచెడీ తయారుచేశానక్కా! నవ్వులపాలు చేశావు. ఇంక జన్మలో స్టేజీ ఎక్కను, పో!"

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది.

"నువ్వు బెల్టు ఎత్తగానే నా చేతులు వాటంతటవే తల మీదకి పోయాయిరా. ఇన్నేళ్ళయినా! సిగ్గేసి పక్కకి చూశాను. పక్క కుర్చీలో పిల్ల, పదేళ్ళుంటాయేమో, అదీ అచ్చం అలాగే చేతులు అడ్డం పెట్టుకునుంది. ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. ఇద్దరికీ నవ్వొచ్చేసింది. ఇన్నాళ్ళూ నాకొక్కదానికే ఇలా అవుతుందనుకున్నానురా."

వాడు అక్క ఎదురుగా చతికిలబడ్డాడు. "ఎవరక్కా ఆ పిల్ల?"

"తెలీదు. తలుపవతల నిలబడుంది. ఇంటికెళ్ళనంటోంది. వాళ్ళ నాన్న గేటు దగ్గర కేకలేస్తున్నాడు."

వాడు పళ్ళు కొరుకుతూ గుమ్మం వైపు దూకాడు. అక్క చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"నువ్వుండరా. ఆయనతో ముందు నేను మాట్లాడతాను."