నలభై ఒకటి

"ఆగమ్మా. అప్పుడే నొక్కకు."

వెనక నుంచి మాట వినపడేసరికి ఆమె ఉలిక్కిపడింది.

ఇందాకటి నుంచి తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఎప్పుడు లేచి వచ్చాడో, కళ్లజోడు సవరించుకుంటూ స్క్రీన్ వంక చూస్తున్నాడు.

ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో ఆమె చేరి పది రోజులే. మూలపడిన నలభై సర్వర్లను నిఘా పట్టిక నుంచి తీసేయమన్నారు. ఆ పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాము, స్క్రిప్టు, ఉంది; దానికి పేర్లిచ్చి నడిపితే చాలు. పట్టికలో ఉన్నంతకాలం ఏ సర్వర్‌కు ఇబ్బంది వచ్చినా అలారం మోగుతుంది. తీసేశాక దాని గొడవ ఎవరికీ పట్టదు.

"నువ్వు ఇచ్చిన పేరుతో మొదలయ్యేవన్నీ పోతాయమ్మా. పట్టిక కాపీ తీసి పెట్టుకున్నావా?"

"ఇవి రోగుల వివరాలుండే సర్వర్లండీ. బయటివాళ్లు చూడకూడదు. అసలెవరు మీరు?"

"నేను..."

"వెయిటింగ్ హాల్ కిందుంది. దయచేసి వెళ్లండి."

"సరేనమ్మా."

ఆయన సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆమె ఎంటర్ నొక్కింది.

'తీసివేసినవి: 41.'

తను ఇచ్చినవి నలభై పేర్లే. ఎక్కువగా పోయిన ఆ ఒక్కటీ ఏది?

కాపీ లేదు. మేనేజరు మీటింగులో ఉన్నాడు, ఫోన్ తీయడం లేదు. స్క్రీన్ మీద అన్నీ పచ్చగానే వెలుగుతున్నాయి. తీసేసింది అందులో కనపడదు కనుక ఆ పచ్చదనం చూస్తేనే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

గబగబా మెట్లు దిగి హాలంతా వెతికింది. పెద్దాయన లేడు.

తిరిగొచ్చి ఒక్కో పేరూ సరిచూస్తుండగా మందుల కౌంటర్ నుంచి ఫోన్.

"మేడమ్, కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి! ఐసీయూ వాళ్లు ఇంజెక్షన్ల కోసం అరుస్తున్నారు!"

మందుల సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది. నిండుతోందని చెప్పాల్సిన అలారం మోగనే లేదు. మూలపడిన ఓ సర్వర్ పేరుతోనే దీని పేరూ మొదలవుతుంది.

కౌంటర్లో కాగితాల మీద రాసుకుని మందులిచ్చారు. ముప్పావుగంటకు సర్వర్ లేచింది. ఎవరికీ ఏమీ కాలేదు.

సాయంత్రం మేనేజరు రాగానే మందుల సర్వర్ పోయిన సంగతి దాచకుండా చెప్పేసింది.

ఆయన కోప్పడలేదు. ఆశ్చర్యపోయాడు.

"అదేంటమ్మా, ఆయన పక్కనుండగా ఇలా ఎలా జరిగింది?"

"ఎవరు సార్?"

"ఆ స్క్రిప్టు రాసినాయన. రిటైరై ఆరేళ్లయింది. కొత్తమ్మాయి, భయపడుతోంది, కాసేపు తోడు కూర్చోండని నేనే బతిమాలి పిలిపించాను."